లబ్ధిదారు జలపతి గొంతు

పిచ్చి అనేది నేరం కాదు, రోగం అని సర్కారు ఒక బుధవారం నాడు తేల్చేసింది. (మంగళవారం సాయంత్రం దాకా అదేమిటో ఏ శాఖకూ ఖచ్చితంగా తెలియదు.) ఉత్తర్వులో మానవత్వం అనే మాట పేరా పేరాకూ ఉంది, తాళం అనే మాట ఎక్కడా లేదు. సారాంశం ఏమిటంటే, మతి చెదిరి నేరం చేసినవాళ్ళు ఇకమీదట జైళ్ళ శాఖ కింద ఉండరు, కొత్తగా పుట్టిన మానసిక స్వస్థత సంస్థ కింద ఉంటారు. జైలు శిక్షించే చోటు, సంస్థ బాగుచేసే చోటు. ఎవరూ కాదనలేని మాట. నిజానికి చాలా మంచి మాట. మన దగ్గర మంచి మాటకు వచ్చే చిక్కల్లా, దాన్ని అమలు చేయడానికి ఎవరో ఒకరు అప్పటికే ఉద్యోగంలో ఉండటమే.

ఈ సంగతి సిరిసిల్లలో రాణికి ఫోన్లో చెప్పినవాడు కొమురయ్య. జగిత్యాల రోడ్డు మీదున్న జైలులో వార్డరు. (జైలు పేరెందుకు, గోడలన్నీ ఒకటే.)

"చెల్లే, మీ ఆయన ఇయ్యాల్టి సంది ఖైదీ గాదు. లబ్ధిదారు అయిండు."

"అంటే ఇంటికస్తడా అన్నా?"

"ఇంటికి రాడు. లోపల్నే ఉంటడు. కని ఇజ్జతితోని ఉంటడు."

రాణి కార్ఖానాలో నూలు కండెలు చుట్టే మనిషి. ఆమె మొగుడు జలపతి అదే కార్ఖానాలో సాంచెలు నడిపేవాడు. సాంచె అంటే మరమగ్గం. అది నడిచేచోట పక్కన పిడుగు పడ్డా, అదే వచ్చి సంతకం పెట్టమని అడిగితే తప్ప తెలియదు. జలపతికి ఏడాది కింద ఉన్నట్టుండి నిద్ర దూరమైంది. ఎన్ని రోజులైనా రాలేదు. ఆ తర్వాత ఒక అనుమానం వచ్చింది, ఊరందరికీ పోయే కరెంటు తన సాంచెలను ఆపడానికే తీస్తున్నారని. ఒక పూట కట్టె పట్టుకుని సబ్‌స్టేషన్‌కు పోయి అద్దాలు పగలగొట్టాడు. మనిషిని ఎవరినీ ముట్టలేదు. కేసయింది. కోర్టు అతన్ని చూసి, ఈ మనిషి ఇప్పుడు జవాబు చెప్పే తీరున లేడు, బాగయ్యేదాకా వైద్యంలో ఉంచండి, బాగయ్యాక తీసుకురండి అన్నది. వైద్యం అప్పట్లో జైలులో ఉండేది కాబట్టి జైలుకు పంపారు.

చెప్పుకోవడానికి నామోషీగా ఉంటుంది గానీ, అతనికి జైలులో నయమైంది. గోలీలు పనిచేశాయి. జైలులో దుప్పట్లు నేసే షెడ్డు ఉంది. అందులో ఒక సాంచె ముందు నిలబెట్టారు. పక్క బారకులోనే పడక. ఆ టకటక చెవిలో పడుతుంటే జలపతి పసిపిల్లవాడిలా నిద్రపోయాడు. అనుమానాలు ఒక్కొక్కటే దిగిపోయాయి. వకీలు మధుకర్ రాణికి దారి కూడా చెప్పాడు. "అక్కా, ఆయన బాగున్నడని డాక్టర్ రాసియ్యాలె. జడ్జి ముంగట నిలవడి, ‘అవునయ్యా, పగలగొట్టిన, రోగముండంగ చేసిన’ అని ఒక్క మాట చెప్పాలె. పడే శిక్ష కంటె ఎక్కువే ఉన్నడు లోపట. అటునుంచి అటే ఇంటికి తోలుకపోవచ్చు." జైలు డాక్టరు వచ్చేవారం రాసిస్తానన్నాడు. వారం రాకముందే మానవత్వం వచ్చింది.

అప్పగింత శాస్త్రోక్తంగా జరిగింది. జైళ్ళ శాఖ మనుషులను ఇచ్చింది, కంచాలు ఇచ్చింది, దుప్పట్లు ఇవ్వలేదు. తాళాలు కూడా ఇవ్వనన్నది, అవి శాఖ ఆస్తి. సంస్థ కూడా మాకొద్దన్నది, దవాఖానలో తాళమేమిటి, అమానుషం అని. అందుకని కొత్తవి కొన్నారు, ‘వేలాడు భద్రతా ఉపకరణాలు’ అనే పద్దు కింద. లాఠీ ఆసరా కర్ర అయింది. ఇంటివాళ్ళు వచ్చి చూసే ములాఖత్ ఆత్మీయ సమావేశం అయింది. కొమురయ్యను మనుషులతో పాటే డిప్యుటేషన్ మీద పంపారు. కింద ఖాకీ ప్యాంటు జైళ్ళ శాఖది, పైన తెల్లకోటు సంస్థది. జీతం కోసం అడిగితే రెండు శాఖలూ అతనిలో తమది కాని సగాన్ని చూపించేవి.

సంస్థకు సొంత భవనం లేదు. కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు దొరికింది. అప్పుడు మూఢం నడుస్తున్నది, పెళ్ళిళ్ళు లేవు, హాలు ఓనరు ఈగలు తోలుకుంటున్నాడు. పైఅంతస్తు సంస్థకు, కిందిది ముహూర్తాలను బట్టి ఇద్దరికీ అని ఒప్పందమైంది. అలా జలపతి మరి నలుగురితో కలిసి ‘పెండ్లికూతురు గది’ అని బోర్డున్న వార్డులో చేరాడు. కింద వేదిక మీద వధూవరుల కోసం చేయించిన ఎర్ర మఖ్మల్ కుర్చీలు రెండున్నాయి. వాటిలో ఒకదాని మీద మానసిక వైద్యుడు డాక్టర్ శ్రీహరి కూర్చునేవాడు. వెనక గోడకు థర్మకోల్ నెమళ్ళు. పాపం మంచివాడే. పట్నం నుంచి వచ్చాడు, చుట్టుపక్కల మండలాలన్నిటికీ ఒక్కడే. ఎవరి మీదా చేయిచేసుకోనివాడు, ఎవరి మీదా గొంతు లేపనివాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

రాణి మొదటి ఆత్మీయ సమావేశానికి వేములవాడ, రుద్రంగి మీదుగా రెండు బస్సులు మారి కోరుట్లకు పోయింది. జలపతి మెట్లు దిగుతూనే, హాలు ఆ చివర నుంచి ఈ చివరకు, "రాణీ! బిడ్డ బడికి పోతున్నదా?" అన్నాడు. థర్మకోల్ నెమళ్ళు కదిలినట్టు అనిపించింది. రాణి ఈ చివర నుంచి ఆ చివరకు, "పోతున్నది! మొన్న పరీచ్చల ఫస్టు అచ్చింది!" అన్నది. డాక్టర్ శ్రీహరి రాసుకోవడం మొదలుపెట్టాడు.

"అమ్మా, ఆయన ఎందుకంత గట్టిగా మాట్లాడతారు?"

"సాంచెలకాడ పనిజేసెటోళ్ళం సారూ! గట్టిగ మాట్లాడకుంటె ఇనవడది!"

"ఇక్కడ సాంచెలు లేవు కదమ్మా."

"సాంచెలు లేకున్నా గొంతు గదే ఉంటది గద సారూ!"

డాక్టరు ‘భార్య కూడా’ అని రాసుకున్నాడు.

గొంతు ఒక్కటే కాదు. జలపతి నిశ్శబ్దంలో నిద్రపోడు. సిరిసిల్లలో చప్పుడు ఆగిందంటే కరెంటు పోయినట్టు, కరెంటు పోయిందంటే ఎక్కడివాళ్ళు అక్కడ లేచి బయటికి రావాలి. తాతలనాటి నుంచి కాకపోయినా నాయన నాటి నుంచి ఉన్న అలవాటు. సంస్థలో ఒకరి చెవిలో చెప్పినా అందరికీ వినపడేంత నిశ్శబ్దం. ఫ్యాను ఒక్కటే కాస్త చప్పుడు చేసేది. అది ఆగగానే జలపతి దిగ్గున లేచి కూర్చుని, "కరెంటు పోయింది!" అని కేకవేసేవాడు. డాక్టరు దీన్ని ప్రత్యేకంగా గుర్తించాడు.

"నిజంగనే పోయింది సార్," అన్నాడు కొమురయ్య, ఉండబట్టలేక.

"పోయింది, కాదనను. అందరికీ ప్రకటించాల్సిన అవసరమేమిటి?"

కొమురయ్య తన తెల్లకోటు వంకా ఖాకీ ప్యాంటు వంకా చూసుకున్నాడు. దీనికి ఏ శాఖ తరఫున జవాబు చెప్పాలో తెలియలేదు.

జైలులోలాగా ఒక సాంచె ముందు నిలబెడితే పోతుంది గదా అని రాణి అడిగింది. అది వెట్టి అవుతుందన్నారు. రోగి చేత పని చేయించడం జైలు బుద్ధి, ఇక్కడ అతను విశ్రాంతి తీసుకోవాలి, తప్పనిసరిగా తీసుకోవాలి. విశ్రాంతి తీసుకుంటున్నాడా లేదా అని గంట గంటకూ లేపి చూశారు.

‘అధిక స్వరం, నిశ్శబ్ద భయం, అనవసర ప్రకటనలు.’ జలపతి కాగితం మీద ఈ మూడూ ఎక్కాయి. ఇవి ఉన్నంత వరకు బాగయినట్టు కాదు. బాగుకానిదే కోర్టు లేదు, కోర్టు లేనిదే ఇల్లు లేదు. రాణి ఊరుకునే మనిషి కాదు. మా ఊళ్ళో అందరం గిట్లనే మాట్లాడుతం సారూ అన్నది. ఆధారమేమిటన్నారు. మాట్లాడేవాళ్ళనే తెస్తానన్నది.

తెచ్చింది. కార్ఖానా నడిపే ఆసామి పోచయ్యను, తనతో కండెలు చుట్టే సత్యవ్వను వెంటబెట్టుకుని వేదిక ఎక్కింది. పోచయ్య ఇస్త్రీ అంగీ వేసుకుని వచ్చాడు. డాక్టరు అడగకముందే మొదలుపెట్టాడు.

"మావోడు బంగారమసొంటోడు సారూ! సాంచె మీద శెయ్యేస్తె పోగు తెగది!"

"కాస్త నెమ్మదిగా చెప్పండి."

"నెమ్మదిగనే చెప్తున్న గద సారూ!" అన్నాడు పోచయ్య, నొచ్చుకుని. వెనకనున్న వంటగదిలో గిన్నె ఒకటి దొర్లిన చప్పుడైంది.

సత్యవ్వ మధ్యలో అందుకున్నది. "ఆసామి మాటలిడువు సారూ! నన్నడుగు! ఆ పిలగాడు ఎన్నడన్న ఒక్కల్ని ఒక్కమాటన్నడా! అననేలేదు!"

ఇద్దరూ చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. డాక్టరు రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. వారం తర్వాత నివేదిక వచ్చింది: లబ్ధిదారు ఇంటి పరిసరాలు తీవ్ర ఉద్రేకపూరితములు, అట్టి పరిసరములకు పంపుట స్వస్థతకు భంగకరము. పోచయ్యకు విడిగా ఒక చీటీ పంపారు, వీలు చూసుకుని వచ్చి చూపించుకొమ్మని. ఆయన ఆ చీటీ ఎవరికీ చూపించలేదు, సత్యవ్వకు తప్ప. అందువల్ల ఊరందరికీ తెలిసింది.

ఈలోగా మూఢం పోయింది. ముహూర్తాలు వచ్చాయి. ఒక పట్టపగలు కింద పెళ్ళి, పైన సంస్థ. ఆడపెళ్ళివాళ్ళు తెల్లకోటు చూసి కొమురయ్యను వంటవాడనుకుని సాంబారు గురించి నిలదీశారు. పై గదిలోవాళ్ళను మగపెళ్ళివారనుకుని వెనకగుమ్మం నుంచి మర్యాదగా పిలుచుకుపోయి బంతిలో కూర్చోబెట్టారు. సంస్థ చరిత్రలో లబ్ధిదారులకు ఎవరైనా కొసరి కొసరి వడ్డించడం అదే మొదలు. తర్వాత డీజే పెట్టారు. కిటికీ అద్దాలు గజగజలాడాయి. జలపతి పైకి తిరిగి వచ్చి, గోడకు చెవి ఆనించి, నెలల తర్వాత హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాడు.

రాణి ఆ రోజు అక్కడే ఉంది. అతని ముఖం మీద ముడుతలన్నీ పోయి కనిపిస్తే, కళ్ళనిండా చూసుకున్నది. డాక్టర్ శ్రీహరి కూడా చూశాడు. ‘పరిసరాల పట్ల స్పందన లేదు’ అని నాలుగోది రాశాడు.

ఇక నిజంతో పని కాదని రాణికి అప్పుడు అర్థమైంది. కొమురయ్య మెట్ల కింద నిలబెట్టి ఒక మాట చెప్పాడు. చెప్పేటప్పుడు తెల్లకోటు తీసి చేతికి వేసుకున్నాడు, సంస్థ రహస్యం కదా.

"చెల్లే, ఇను. నెలాఖర్ల బోర్డు కూసుంటది. వాళ్ళొక పరీచ్చ వెడ్తరు. మెల్లగ మాట్లాడినా సరే, ‘ఇనవడ్తలేదు, గట్టిగ చెప్పు’ అంటరు. తిప్పి తిప్పి అంటరు, కోపం తెప్పిస్తరు. గట్టిగ చెప్పినోడు ఫెయిలు. మల్ల మీది గదికే."

"గదెక్కడి పరీచ్చన్నా?"

"గొంతు అదుపుల ఉన్నదా లేదా చూసుడట. మొన్న రాయికల్ ఊరి పిలగాడు గట్లనే ఫెయిలయిండు. మంచిగ చెప్పుకుంట చెప్పుకుంట, చెవిటోనివా అని డాక్టర్‌నే అడిగిండు."

రాణి సరేనన్నది. జలపతికి నెమ్మదిగా మాట్లాడటం నేర్పాలి. కానీ అది తనకే రాదు. సిరిసిల్లలో నెమ్మదిగా మాట్లాడేవాళ్ళు ఎక్కడుంటారో వెతికింది. బ్యాంకులో ఉన్నారు. పని లేకపోయినా పోయి బల్ల మీద కూర్చుని, లోను అడగడానికి వచ్చినవాళ్ళతో ఆ సార్లు ఎంత మెల్లగా ‘కాదు’ అంటారో చూసింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి పెదవులు కదిపింది. బిడ్డ తేజస్విని తొంగిచూసి, "అవ్వా, నా మీద కోపమచ్చిందా?" అని తల్లిని అడిగింది. వాళ్ళింట్లో నెమ్మదిగా మాట్లాడటమంటే కోపం వచ్చినట్టే మరి.

అక్కడి నుంచి ప్రతి గురువారం ఆత్మీయ సమావేశంలో పాఠమే. జలపతి నోరు తెరిస్తే చాలు, రాణి అరచేతిని గాలిలో కిందికి నొక్కేది. అతను సగానికి తగ్గించేవాడు. ఆమె ఇంకా నొక్కేది. అన్నం తిన్నవా అంటే తిన్న అని, బిడ్డ మంచిగున్నదా అంటే ఉన్నదని, ఒక్కో మాటనూ దించుకుంటూ దించుకుంటూ వచ్చారు. అతనికి అవమానంగా ఉండేది, ఆమెకు దుఃఖంగా ఉండేది. పెళ్ళికి ముందు రాణి కార్ఖానా గోడ అవతల కండెలు చుడుతున్నప్పుడు, సాంచెల చప్పుడును దాటుకుని చాయ్ తెమ్మని కేకవేసే ఒక గొంతు వినపడేది. మనిషిని చూడకముందే ఆ గొంతు నచ్చింది. ఇప్పుడు దాన్నే తన చేతితో నొక్కి నొక్కి చంపుతున్నది. చేసేదేముంది, ఇంటికి రావాలి.

"ఎవలేమన్నా గొంతు లేపకు," అని చెప్పింది చివరి గురువారం. "ఇనవడ్తలేదంటరు, గట్టిగ చెప్పుమంటరు, బెదిరిస్తరు. గదే పరీచ్చ. ఇంత మెల్లగ చెప్పు."

"నువ్వే గట్లంటే?" అడిగాడు జలపతి, గాలి కూడా కదలనంత మెల్లగా.

రాణి ఆలోచించింది. మొదటి నుంచి చివరిదాకా ఆమె చేసిన తప్పు ఏదైనా ఉంటే అది ఇక్కడుంది. "నేనన్నా సరే. నాతోని గూడ అనిపిస్తరేమో, ఎవలకెరుక."

బోర్డు కూర్చుంది. ముగ్గురు సభ్యులు, ఎర్ర కుర్చీలు రెండే. మూడో ఆయన సన్నాయి వాయించేవాళ్ళ బల్ల మీద సర్దుకున్నాడు. జలపతిని పేరడిగారు, చెప్పాడు. వినపడలేదన్నారు, మళ్ళీ అంతే మెల్లగా చెప్పాడు. గట్టిగా చెప్పమన్నారు. చిన్నగా నవ్వి ఇంకా మెల్లగా చెప్పాడు. బల్ల మీదాయన లేచి నిలబడి, గొంతులో ఏమన్నా అడ్డం పడ్డదా అని గద్దించాడు. జలపతి చేతులు కట్టుకుని, లేదు సారూ అన్నట్టు పెదవులు కదిపాడు. బోర్డు ముఖాలు వెలిగిపోయాయి. డాక్టర్ శ్రీహరి అయితే లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. ‘పూర్తి స్వస్థత’ అని రాసి ముద్ర వేశారు. సంస్థ చేతిలో బాగుపడిన మొట్టమొదటి మనిషి అతనే. ఫొటో తీసుకున్నారు, నెమళ్ళు కూడా పడేలా.

మెట్ల దగ్గర కొమురయ్య రాణికి మిఠాయి పెట్టాడు. ఇక మిగిలింది కోర్టులో ఒక్క మాట.

నయమైనవాడు సంస్థలో ఉండరాదు కాబట్టి ఆ పూటే ఖాళీ చేయించారు. కోర్టు కాకముందే ఇంటికీ పోరాదు కాబట్టి జైలు వ్యాను వచ్చింది. వ్యాను ఎక్కాక అతను మళ్ళీ ఖైదీ. కొమురయ్య తెల్లకోటు మడిచి సీటు కింద పెట్టి పక్కన కూర్చున్నాడు.

సిరిసిల్లలో కోర్టు హాలు కిటికీలు తెరిచి ఉన్నాయి. రోడ్డు అవతల కార్ఖానాల సందు. సాంచెల చప్పుడు ఆ గదిలోకి వచ్చి, అందరితో పాటు కూర్చుంది. జలపతి బోనులో నిలబడి ఆ చప్పుడు విని, ఇంటికొచ్చినట్టు ఊపిరి తీసుకున్నాడు. రాణి వెనక బెంచీ మీద ఉంది. కొత్త చీర కట్టుకుంది. బిడ్డను బడి మాన్పించి ఇంటి దగ్గర కూర్చోబెట్టింది, నాయన వస్తున్నాడని.

జడ్జిగారు నెమ్మదస్తురాలు. కాగితాలన్నీ ముందే చదువుకుని వచ్చారు. "జలపతీ, సబ్‌స్టేషన్ అద్దాలు పగలగొట్టింది నువ్వేనా?"

జలపతి పెదవులు కదిలాయి.

"వినపడలేదు. గట్టిగా చెప్పు."

జలపతి చిన్నగా నవ్వాడు. పరీక్షలో తెలిసిన ప్రశ్న చూసినవాడు నవ్వే నవ్వు అది. చేతులు కట్టుకుని, ఇంతకుముందుకంటే మెల్లగా ఏదో అన్నాడు. సాంచెల చప్పుడులో అది బోను దాటి రాలేదు.

"గట్టిగా చెప్పయ్యా. నువ్వు చెప్పేది నేను వినాలి కదా. భయమేమీ లేదు."

అతను తల ఆడించాడు. భయం లేదన్నట్టే. పెదవులు మాత్రం ఇంకా దగ్గరికి చేర్చాడు.

వకీలు మధుకర్ బోను దగ్గరికి పోయాడు. "జలపతన్నా, గట్టిగ చెప్పే. ఒక్క మాట. అవునని చెప్పు." జలపతి అతని వంక జాలిగా చూశాడు, నిన్ను కూడా పంపించారా అన్నట్టు.

రాణి లేచి నిలబడింది. ఇన్ని రోజులు నేర్చుకున్నదంతా మరిచిపోయి, కార్ఖానా గొంతుతో అరిచింది. "గట్టిగ చెప్పు! ఇది ఆ పరీచ్చ గాదు! కోర్టు! నీకు దండం వెడ్త, ఒక్కసారి గట్టిగ చెప్పు!"

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. బంట్రోతు నిశ్శబ్దం నిశ్శబ్దం అంటూ పరుగెత్తుకొచ్చాడు. జలపతి కూడా తిరిగి చూశాడు. రాణి చెప్పనే చెప్పింది, నాతో కూడా అనిపిస్తారని. ఆమె ఎంత బాగా అరుస్తున్నదో చూసి అతని కళ్ళు మెరిశాయి. ఒక వేలు ఎత్తి పెదవుల మీద పెట్టుకుని, అరచేతిని గాలిలో కిందికి నొక్కాడు, ఆమె నేర్పినట్టే. మెల్లగ, రాణీ, అని ఆ చెయ్యి చెప్పింది.

రాణిని బయటికి పంపారు. జడ్జిగారు కాగితాలు మళ్ళీ మొదటి నుంచి తిరగేశారు. నిజంగానే బాధపడ్డారని అందరూ అంటారు. చట్టం మాత్రం బాధపడ్డా అదే చెబుతుంది: ముద్దాయి ప్రశ్నకు వినపడేలా జవాబు ఇవ్వలేకపోతున్నాడు, తనను తాను సమర్థించుకునే స్థితిలో లేడు, కాబట్టి స్థితి కుదుటపడే వరకు మానసిక స్వస్థత సంస్థకు తిరిగి అప్పగించడమైనది.

వ్యాను దగ్గర రాణి నిలబడి ఉంది. కొమురయ్య ఆమె ముఖం చూడలేక తాళం వైపు చూస్తూ తలుపు తీశాడు. జలపతి ఎక్కబోతూ ఆమె పక్కకు వంగి, చెవిలో, "మంచిగ చెప్పిన గదా?" అన్నాడు.

ఆమెకు కోర్టు మీద కోపం వచ్చింది, సంస్థ మీద వచ్చింది, అందరికంటే ఎక్కువ తన మీద తనకే వచ్చింది. అతని ముఖంలో ఉన్న సంతోషం చూస్తే అవేవీ నోట్లోంచి రాలేదు.

"మంచిగ చెప్పినవు," అన్నది. ఆమె జీవితంలో ఏ ప్రయత్నమూ లేకుండా నెమ్మదిగా అన్న మొదటి మాట అది.

వ్యాను కొంత దూరం పోయాక కొమురయ్య సీటు కిందినుంచి తెల్లకోటు తీసి దులిపి వేసుకున్నాడు. కోరుట్లలో పెళ్ళి ఉండటం వల్ల వెనక గుమ్మం నుంచి తీసుకుపోయారు. డాక్టర్ శ్రీహరి కొత్త కాగితం తీసి ‘అల్ప స్వరం’ అని రాసి, గొంతు పెంచే వైద్యం మొదలుపెట్టాడు.

రాణి గురువారాలు మానలేదు. ఇప్పుడు గట్టిగా మాట్లాడటం నేర్పాలి. ఆత్మీయ సమావేశ మందిరంలో ఈ మధ్యనే కొత్త నియమం ఒకటి గోడకు అంటించారు, లబ్ధిదారుల ప్రశాంతత దృష్ట్యా ఎవరూ గట్టిగా మాట్లాడరాదని. అందుకని ఆమె అతని చెవిలో నోరు పెట్టి, గట్టిగ మాట్లాడు, గట్టిగ మాట్లాడు అని గుసగుసగా చెబుతుంది. అతను తెలివిగా నవ్వి తల అడ్డంగా ఆడిస్తాడు.

ఏడాది చివర సంస్థ తన నివేదికను అట్ట వేసి పై అధికారులకు పంపింది. అందులో జలపతి రెండు చోట్ల ఉన్నాడు, పూర్తిగా నయమై వెళ్ళినవారిలో ఒకసారి, కొత్తగా చేరినవారిలో ఒకసారి. ఇంట్లో మాత్రం లేడు.